దొరల తోటలో చాటుబాట

కొత్తగూడ దాటాక, రాళ్ళగుట్టల మధ్య దొరల తోట ఉండేది. మా తాత అందులో మాలి, మా నాయన మాలి. పదకొండేళ్ళు వచ్చేదాకా నేనూ అక్కడే పెరిగాను. ఇప్పుడక్కడ అద్దాల మేడలున్నాయి కాబట్టి ఎంత చెప్పినా మా ఇంట్లో పిల్లలు నమ్మరు. నమ్మకపోతే పోనీ, వాళ్ళను నమ్మించడానికి నేనిది చెప్పడం లేదు. ఒక మంగళవారం నాడు జరిగింది నాకింకా మింగుడుపడలేదు, అందుకని చెబుతున్నాను.

ఆ నేల మీద తోట వేయాలనుకోవడమే ఒక పిచ్చి. గడ్డపార వేస్తే నిప్పురవ్వలు లేచే నేల అది. మా కాలపు పెద్దదొర వాళ్ళ తాత ఎక్కడో ఏదో రాజుల బంగళా చూసి వచ్చాడట. మేడ మీద కూర్చుంటే కళ్ళ ముందు గోడ లేదు, కంచె లేదు, పచ్చిక జారుకుంటూ పోయి నీళ్ళలో కలిసిపోతుందట. తనకూ అలాంటిదే కావాలని పట్టుబట్టాడు. దొర పట్టుబట్టాడంటే ఊళ్ళో ఎడ్లకు కూడా నిద్ర ఉండదు. చెరువు ఎండిన వేసవిలో అడుగుమట్టినంతా బండ్ల మీద తోలించి మోకాలి లోతున పరిపించాడు. అందంగా ఉన్నాయని కొన్ని బండల్ని అలాగే ఉంచి, వాటి చుట్టూ మల్లెలు పెట్టించాడు. బంగళా ముందు నీళ్ళు నిలిచే రాతి హౌజు, హౌజు నుంచి కుంట దాకా సన్నటి కాలువ, కాలువకు అటూ ఇటూ సరుగుడు చెట్లు, ఆ పక్కన మామిడి. ఏ అంటు ఎవరు మోసుకొచ్చారో, ఏ బండ కింద ఎవరి వేలు నలిగిందో అన్నీ మా నాయనకు నోటికి వచ్చు. ఎవరికి పుట్టిన పిల్లలెవరో మరిచిపోయేవాడు గానీ చెట్ల వరస తప్పేవాడు కాదు.

ఆ తోటలో అసలైన పనితనం మాత్రం ఎవరికీ కనపడదు. కనపడకుండా ఉండడమే దాని పని. పచ్చికకు అడ్డంగా ఒక కొస నుంచి ఇంకో కొస దాకా ఛాతీ లోతు కందకం తవ్వి, లోపల రాయి కట్టారు. బంగళా వైపు గట్టు కాస్త ఎత్తు, అవతలి గట్టు కాస్త పల్లం. బంగళా నుంచి చూస్తే ఇవతలి గడ్డీ అవతలి గడ్డీ ఒక్కటే అనిపిస్తుంది. కంచె లేకుండానే పశువులు ఇటు రాలేవు. దాన్ని మేము చాటుబాట అనేవాళ్ళం, ఎందుకంటే మాలీలు నడిచే దారి కూడా అదే. దొరలు మేడ మీద వరండాలో కూర్చున్నంతసేపు తోటలో మనిషన్నవాడు కనపడకూడదు. వరండాలో తెల్లబట్ట మెదిలితే చాలు, చేతిలో ఏముంటే అది అక్కడే వదిలేసి చాటుబాటలోకి దిగి, వంగి నడుస్తూ పోయి బావి దగ్గర తేలాలి. మనిషి చెయ్యి పడకపోతే నెల తిరక్కుండా కంపచెట్లు మొలిచే తోటకు, మనిషి కనపడితే అందం చెడుతుందట! చెప్పేవాడికి వినేవాడు లోకువ మరి.

మా నాయనకు ఏడేళ్ళప్పుడు తల గట్టు మీదికి కనపడిందని చింతబరికెతో దెబ్బలు పడ్డాయట. కొట్టింది దొర కూడా కాదు, కన్నతండ్రి. ఆ దెబ్బల గురించి ఆయన నవ్వుతూ చెప్పేవాడు, చదువు చెప్పిన పంతులును తలుచుకున్నట్టు. ఆ బాటలో నడిచీ నడిచీ ఆయన బయట కూడా కొంచెం వంగే నడిచేవాడు. నాకూ ఆ నడక నేర్పాడు. నన్ను ఎప్పుడూ కొట్టలేదు, నెత్తి మీద అరచెయ్యి పెట్టి కిందికి నొక్కేవాడు. "ఒంగు బిడ్డా, ఇంక జర ఒంగు" అనేవాడు.

ఒకసారి బంగళాలో దొరలెవరూ లేనప్పుడు, వంటమనిషి కళ్ళుగప్పి నేను మేడ ఎక్కాను. అక్కడి నుంచి తోటంతా ఒక్క చూపులో కనపడింది. రోజూ నేను పేడ మోసేది, ఆకులు ఊడ్చేది ఈ తోటలోనేనా అనిపించింది. పరుగెత్తుకుంటూ వచ్చి నాయనకు చెప్పాను.

"నాయినా, మీదికెల్లి సూస్తే మన బాట అసల్కే కనవడ్తలేదే!"

"గడ్డి గడ్డి కలిసినట్టే ఉన్నదా? నడుమ గీత లెక్క ఏమన్న కనవడుతుందా?"

"లేదు. అంత ఒక్కటే గడ్డి."

ఆయన ముఖం వెలిగిపోయింది. ఆ రోజంతా ఈల వేసుకుంటూ తిరిగాడు. ముప్పై ఏళ్ళుగా తాను సాకుతున్న తోటను ఆయన ఒక్కసారి కూడా మేడ మీద నుంచి చూడలేదని, చూడాలని అనుకోలేదని నాకప్పుడు తట్టలేదు.

పెద్దదొర మంచివాడే. మంచివాడంటే, కసిరేవాడు కాదు. మాకు ఇవ్వవలసిన జీతం ఇవ్వలేకపోయిన ఒక ఏడాది, "బాయికింది రెండెకరాలు నువ్వే దున్నుకో, నీదే అనుకో" అన్నాడు. అంతా నోటిమాటే. ఆ చేను చాటుబాటకు అవతల, బంగళాకు కనపడకుండా గోరింట కంచె చాటున ఉండేది. మా అమ్మ పుప్పాలగూడ రైతుల ఆడపడుచు. ఆమెకు గులాబీలన్నా పచ్చికన్నా గిట్టేది కాదు. "తినెటందుకు పనికిరాని గడ్డికి పొద్దంత నీళ్ళా?" అని మూతి తిప్పేది. చేను చేతికొచ్చాక ఆమె మనిషే మారిపోయింది. జొన్న వేసింది, కంది వేసింది, గట్ల మీద బెండ పెట్టింది. పొద్దున లేవగానే మా ముఖం కన్నా ముందు చేను ముఖం చూసేది. మేముండే గుడిసె దొరది, వండుకునే కుండలు రెండు తప్ప మాదంటూ ఏమీ లేదు. ఆ రెండెకరాలొక్కటే మా నోటికాడి కూడు.

అరవైలు ముగుస్తుండగా పెద్దదొర పోయాడు. ఆయన కొడుకు చిన్నదొర పట్నంలో ఉండేవాడు, తోట ఆయనకు గుదిబండ. ఆ తర్వాత కరువొచ్చింది. బావి అడుగంటింది. ఉన్న కాసిని నీళ్ళు దొరల తోటకా, మా చేనుకా? ఆ రెండేళ్ళూ మా ఇంట్లో అదొక్కటే పోట్లాట. నాయన చీకటితో లేచి కావడి ఎత్తి గులాబీలకు పోసేవాడు. ఆయన అటు పోగానే అమ్మ బావి మెట్లు దిగి, ఊరిన బురద నీళ్ళు చిప్పతో ఎత్తి బెండ మొక్కలకు పోసేది. నేను ఇద్దరికీ సాయం పట్టి ఇద్దరితో తిట్లు తిన్నాను. చివరికి గులాబీలు చచ్చాయి, పచ్చిక చచ్చింది, మామిళ్ళు కొమ్మ వెంట కొమ్మ ఎండాయి. గోరింట కంచె కూడా ఎండి రాలిపోయి, దాని వెనకున్న మా చేను బంగళాకు బట్టబయలుగా కనపడడం మొదలైంది. జొన్న మాడిపోయినందుకు అమ్మ ఏడిస్తే, చేను కనపడుతున్నందుకు నాయన సిగ్గుపడ్డాడు. బంగళా తలుపులు మూసి ఉన్నా, చూసేవాడు లేకపోయినా, ఆ ఎండిన తోటలో వంగి వంగి నడిచేవాడు. ఆయన్ను చూస్తే నాకు కోపం వచ్చేది. ఇప్పుడు తలుచుకున్నా కోపమే వస్తుంది.

ఆ రోజుల్లోనే భూమి చట్టం మాట ఊళ్ళోకి వచ్చింది. మితిమీరిన భూమి ఇక దొరల దగ్గర ఉండదట, దున్నుతున్నవాడికి కాగితం ఇస్తారట. అందులో నిజమెంతో పుకారెంతో ఎవరికీ తెలియదు. తెలిసినవాడు చిన్నదొర ఒక్కడే, ఆయన తోటంతా ఒకేసారి అమ్మేయాలని మనుషుల్ని వెంటేసుకొచ్చి చూపిస్తున్నాడు. తోట పోతే మా గుడిసె పోతుంది, మా చేనూ పోతుంది. అమ్మ మా ఊళ్ళో భూముల లెక్కలు రాసే పట్వారి ఇంటి చుట్టూ కాళ్ళరిగేలా తిరిగింది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు గదా, ఆయన ఇవాళ రా, రేపు రా అని నెల రోజులు తిప్పాడు. చివరికి ఒక పొద్దున ఆమె వాళ్ళ గడపలోనే కూర్చుండిపోతే, విసిగి వేసారి ఒక ఉపాయం చెప్పాడు.

"వచ్చే మంగళారం గిర్దావరు సారు మోకా సూడొస్తుండు. భూమి మీద ఎవలుంటే వాళ్ళ పేరు రాస్కపోతడు. నీ పెనిమిటి నాగలి వట్టుకొని చేన్ల నిలవడాలె. ఎవలు దున్నుతున్నరని అడిగితే 'నేను' అనాలె. గంతే. ఇంతకన్న నన్ను పరేషాన్ చెయ్యకు."

గిర్దావరంటే తాసీల్దారు కింద భూములు చూసే అధికారి. మోకా అంటే ఆయన స్వయంగా నేల దగ్గరికి వచ్చి, దాని మీద ఎవరున్నారో చూసి రాసుకోవడం. మా బతుకంతా నాయన నోటి నుంచి రావలసిన ఆ ఒక్క మాట మీద ఆగింది.

వారం రోజులు మా గుడిసె ముందు నాటకం నడిచింది. అమ్మ తలకు తువ్వాల చుట్టుకుని గిర్దావరు అయ్యేది. నేను ఆమె వెనక బంట్రోతును. నాయన చీపురుకట్ట పట్టుకుని అదే నాగలి అనుకునేవాడు.

"ఈ భూమి ఎవలు దున్నుతున్నరు?" అని అమ్మ గొంతు లావు చేసి అడిగేది.

"నేను దొరా."

"దొర అనకు! దొర అంటే దొరదే అని రాస్కుంటడు. ఉత్త నేను అను."

"నేను సారూ. మా పెద్దదొర దయవల్ల..."

"నీ నోట్ల మన్నువడ! గాయన సచ్చి సర్గంల ఉన్నడు. నేను అనయ్యా, నేను!"

నేను పడీపడీ నవ్వేదాన్ని. అమ్మ కూడా నవ్వేది, నవ్వుతూనే కొంగుతో కళ్ళు ఒత్తుకునేది. ఆదివారం నాటికి నాయన ఆ మాట తడబడకుండా అనగలిగాడు. అమ్మ ఆ పూట ఆయనకు అడగకుండానే రెండో రొట్టె వేసింది. నాకు ఆ రొట్టె వాసన ఇంకా గుర్తుంది, అంత ఆశ మళ్ళీ మా ఇంట్లో నేను చూడలేదు.

ఆ ఏడు తొలకరి బాగా పడింది. పచ్చిక మీద మళ్ళీ గడ్డి లేచింది. మా మేనమామ పుప్పాలగూడ నుంచి ఎడ్లను తోలిచ్చాడు. మంగళవారం పొద్దున్నే నాయన నాగలి కట్టాడు. నేను వెనకే నడుస్తూ గరిక వేళ్ళు ఏరుతున్నాను. పదిన్నర పదకొండుకు జీపు చప్పుడైంది. అమ్మ అప్పుడే బావికి నీళ్ళకు పోయింది. జీపు నేరుగా చేను దగ్గరికి వస్తుందని మేమనుకున్నాం, పట్వారి కూడా అలాగే చెప్పాడు. అది ముందు బంగళాకు పోయింది. చిన్నదొర ఎదురొచ్చి గిర్దావరును మేడ మీదికి తీసుకుపోయాడు. కుర్చీలు వేశారు, చాయ వచ్చింది. వరండాలో తెల్లబట్టలు కనపడ్డాయి.

మా నాయన ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే నిలబడేవాడనే నేను నమ్ముతాను. సాలు మధ్యలో నాగలి వదిలేశాడు, నా రెక్క పట్టుకున్నాడు, నేను ఊపిరి తీసుకునేలోపల ఇద్దరం చాటుబాటలో ఉన్నాం. ఎడ్లు రెండూ ఎందుకు ఆగామా అన్నట్టు తలలు తిప్పి చూస్తూ నిలబడ్డాయి. ఆయన అరచెయ్యి నా నెత్తి మీద పడింది.

"నాయినా, ఇయాల గాదు! ఇయాల మోకా!" అని నేను గుసగుసలాడాను.

ఆయన విన్నాడు. ఆయనకు అర్థమైంది కూడా, ముఖంలో రక్తం ఇంకిపోవడం నేను చూశాను. లేవబోయాడు. గట్టు మీద చెయ్యి వేశాడు. మోకాళ్ళు సహకరించలేదు. మళ్ళీ లేవబోయాడు. మళ్ళీ వంగిపోయాడు. నేను ఆయన పంచె పట్టుకుని గుంజాను, వీపు మీద గుద్దాను, "లే నాయినా, నీ కాల్మొక్త లే" అన్నాను. ఆయన రాతిగోడకు నుదురు ఆనించి కళ్ళు మూసుకున్నాడు.

గిర్దావరు మేడ దిగి హౌజు దాకా వచ్చాడు. అక్కడి నుంచి ఇటంతా బురద, ఆయన కాళ్ళకు బూట్లు. అక్కడే ఆగి కేకేశాడు. గట్టు మీది గడ్డిపోచల సందులోంచి నాకు ఆయన కనిపిస్తున్నాడు.

"మోకా మీద ఎవలున్నరు? ఆ నాగలి ఎవలిది?"

"మా కూలోళ్ళదే సార్, చాయకు వోయుంటరు" అన్నాడు పక్కనున్న చిన్నదొర.

బావి దగ్గర బిందె పడేసి అమ్మ పరుగెత్తుకొచ్చింది. చేను మధ్యలో నిలబడి రెండు చేతులూ ఎత్తింది.

"మాదే సారూ! మేమే దున్నుతున్నం. పదేండ్ల సంది మేమే!"

"నీ మొగడేడి?"

"గిక్కడ్నే ఉండె సారూ, గిప్పుడే..." అంటూ అమ్మ చుట్టూ చూసింది. ఎడ్లను చూసింది, వదిలేసిన నాగలిని చూసింది, వరండాలో కుర్చీలను చూసింది. ఆమెకు అర్థమైపోయింది. చాటుబాట గట్టు దగ్గరికి వచ్చి పిలిచింది. "ఓ పిల్ల నాయినా! సారు అడుగుతుండు, మీదికి రా! ఒక్కసారి రావయ్యా, పిల్ల బతుకు సూడు!"

ఆమె పాదాలు నా కళ్ళకు ఐదారడుగుల దూరంలో ఉన్నాయి. హౌజు దగ్గర నిలబడ్డవాడికి చాటుబాట కనపడదు. ఆ తోట కట్టినవాళ్ళ పనితనం అలాంటిది. ఆమె ఉత్త గడ్డిని బతిమాలుతున్నట్టు కనపడి ఉంటుంది ఆయనకు.

"ఆమెకు జర దిమాక్ సక్కగ లేదు సార్" అన్నాడు చిన్నదొర. ఆయనకు మేమెక్కడున్నామో తెలుసు. ఆ తోటలోనే పుట్టి పెరిగినవాడు, ఆ బాటలో దాగుడుమూతలు ఆడినవాడు. మా వైపు ఒకసారి చూసి చూపు తిప్పుకున్నాడు.

గిర్దావరు మూడుసార్లు పిలిచాడు. ఆయన మీద నాకు కోపం లేదు, పిలవడమైతే పిలిచాడు. మా నాయన లేవలేకపోయాడు. మరి నేను? నా నోరు ఎవరూ మూయలేదు. "మా నాయిన ఈడున్నడు" అని ఒక్క అరుపు అరిస్తే సరిపోయేది. నేనూ అరవలేదు. వంగమంటే వంగడం నాకూ బాగానే వచ్చింది. ఇన్నేళ్ళుగా ఎవరికీ చెప్పని మాట ఇది.

గిర్దావరు అక్కడే నిలబడి ఏదో రాసుకున్నాడు. జీపు వెళ్ళిపోయింది. వరండాలో కుర్చీలు లోపలికి తీశారు. అప్పుడు మా నాయన మోకాళ్ళు బాగయ్యాయి. మెల్లగా పైకెక్కి, నాగలి మేడి పట్టుకుని, సగంలో ఆగిన సాలు చివరి దాకా దున్నాడు. అమ్మ దున్నిన మట్టిలో చతికిలబడి ఉంది. తిడుతుందనుకున్నాను, నెత్తీ నోరూ కొట్టుకుంటుందనుకున్నాను. ఆయన రెండోసారి తన పక్క నుంచి పోతుంటే మాత్రం, "ఇగ దున్నకు. ఎవనికోసం దున్నుతవ్?" అంది. ఆయన ఎడ్లను ఆపాడు. ఆ సాయంత్రం పొయ్యి వెలగలేదు.

నెల లోపల కచ్చేరికి పోయి చెప్పుకోవచ్చని పట్వారి అన్నాడు. అమ్మ రానంది. ఐదో తరగతి దాకా చదివినందుకు నన్ను నాయన వెంట పంపింది. లింగంపల్లి దాకా నడిచి రైలెక్కాం. నేను ఆయనకు దూరంగా, ఎదురు బల్ల మీద కూర్చున్నాను. ఆయన కిటికీలోంచి చెట్లు చూస్తూ, ఏది ఎన్నేళ్ళ చెట్టో తనలో తాను చెప్పుకుంటున్నాడు.

కచ్చేరిలో గుమస్తా కోస్తా నుంచి వచ్చినాయన. మమ్మల్ని చూసి "రండి, కూర్చోండి" అన్నాడు. ఎవరినంటున్నాడో అని నాయన వెనక్కి తిరిగి చూశాడు. కూర్చోలేదు. గుమస్తా కట్ట విప్పి కాగితం తీశాడు.

"మోకా నాడు దున్నేవాళ్ళెవరూ హాజరు కాలేదని రాశారండి. మీరు ఆ రోజు ఊళ్ళో లేరా?"

"ఉన్న సారూ."

"చేను దగ్గరున్నారా?"

"ఆడ్నే ఉన్న."

"మరి పిలిస్తే వినపడలేదా?"

"ఇనవడ్డది సారూ."

గుమస్తా కళ్ళద్దాలు తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. గొంతు తగ్గించి అడిగాడు. "ఎవరన్నా బెదిరించారా? రాకుండా పట్టుకున్నారా? భయపడకుండా చెప్పండి, అదే రాస్తాను. అలా రాస్తే మళ్ళీ మోకాకు వస్తారు."

ఔనను నాయినా, ఔనని ఒక్క అబద్ధం ఆడు అని ఆయన చెయ్యి గిల్లాను, గోరు దిగేలా గిల్లాను. ఆయన నిజంగానే ఆలోచించాడు. ఎవరైనా పట్టుకున్నారేమోనని గుర్తు చేసుకుంటున్నట్టు చాలాసేపు ఆలోచించాడు.

"ఎవలు వట్టుకోలేదు సారూ."

"మరి ఎందుకు రాలేదండీ?"

"దొరలు కూసున్నరు సారూ" అన్నాడు మా నాయన.

మిగతా మాట ఇంకా ఏదో ఉంటుందని గుమస్తా కలం పట్టుకుని ఎదురుచూశాడు. మా నాయన చేతులు కట్టుకుని ఆయన వైపే చూస్తూ నిలబడ్డాడు, చెప్పవలసిందంతా చెప్పాను, ఇక రాసుకోండి అన్నట్టు.